రిపోర్టుల్లో కనిపించని నొప్పి.. మందు కుదిరేదెలా?

ఇందల్వాయి నుంచి వచ్చిన ఆమె బల్ల మీద రెండు ఫైళ్లు పెట్టారు. ఒకటి రబ్బరు బ్యాండు వేసిన లావుపాటి ఫైలు. మెడ ఎక్స్‌రేలు, నడుము ఎంఆర్‌ఐ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎన్‌ఏ, యూరిక్ యాసిడ్, థైరాయిడ్, విటమిన్ డి.. నాలుగేళ్లలో రకరకాల ఊళ్లలో చేయించినవన్నీ అందులో ఉన్నాయి. రెండోది మందుల చీటీలది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు, వయసు నలభై దాటింది. (ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.) "అన్నీ నార్మల్ అంటరు మేడమ్. మరి ఈ నొప్పి ఎక్కడి నుంచి వస్తున్నది?" అని అడిగారు. వెనక నిలబడ్డ భర్త కొంచెం ఇబ్బందిగా, "పొద్దున లేస్తూనే ఒళ్లంతా గుంజుతున్నదంటది. రాత్రంతా పడుకునే ఉంటది. మాకేం సమజైతలేదు" అన్నారు.

మీ ఇంట్లోనో, మీ బంధువుల్లోనో ఇలాంటి ఫైలు ఒకటి ఉండే ఉంటుంది. తల్లిదో, చెల్లెలిదో, అరుదుగా తండ్రిదో. ఆ ఫైలు ఎంత లావైతే ఆ మనిషి మాట మీద ఇంట్లోవాళ్లకు నమ్మకం అంత సన్నబడుతుంది. అందుకే ఫైబ్రోమయాల్జియా గురించి రాయాలనిపించింది. ముఖ్యంగా దీనికి సరైన మందును ఎలా వెతుక్కోవాలన్న దాని గురించి. ఎందుకంటే జబ్బు పేరు తెలిశాక కూడా చాలామంది పొరపడేది అక్కడే.

నొప్పి నిజమే, దెబ్బ మాత్రం ఎక్కడా లేదు

వేలు తలుపు సందులో నలిగితే ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. ఆ కబురును పెద్దది చేయాలా, చిన్నది చేయాలా అన్నది వెన్నుపాము, మెదడు కలిసి చూసుకుంటాయి. రేడియోలో సౌండు పెంచే బటన్ లాంటిదే ఇది. ఫైబ్రోమయాల్జియాలో ఆ బటన్ పైకి తిరిగి అక్కడే ఇరుక్కుపోతుంది. మామూలు ఒత్తిడి కూడా నొప్పిగా వినిపిస్తుంది. చంకలో బ్యాగు తగిలించుకున్నా భుజం సలుపుతుంది. మనవడు వచ్చి ఒళ్లో దూకితే కన్నీళ్లొస్తాయి.

ఇది ఊహ కాదు. 2002లో అమెరికా పరిశోధకులు బొటనవేలి గోరు మీద ఒత్తిడి పెట్టి, ఆ సమయంలో మెదడును స్కాన్ చేసి చూశారు. ఈ సమస్య ఉన్నవారిలో తక్కువ ఒత్తిడికే మెదడులోని నొప్పి కేంద్రాలు చురుగ్గా మారాయి. ఆరోగ్యవంతుల్లో అంత స్పందన రావాలంటే దాదాపు రెట్టింపు ఒత్తిడి పెట్టాల్సి వచ్చింది. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, ఎంఆర్‌ఐ డిస్కును చూపిస్తుంది. సౌండు బటన్ ఎక్కడుందో మన ల్యాబుల్లో చేసే ఏ పరీక్షా చూపించదు. రిపోర్టులు నార్మల్‌గా రావడానికి కారణం అదే.

అయితే ఒళ్లు నొప్పులన్నీ ఇదే అనుకోకూడదు. ఒకప్పుడు శరీరం మీద 18 చోట్ల నొక్కి, కనీసం 11 చోట్ల నొప్పి అంటేనే ఫైబ్రోమయాల్జియా అనేవారు. అది 1990 నాటి లెక్క. 2010 నుంచి అలా నొక్కి లెక్కపెట్టడం తప్పనిసరి కాదు. శరీరంలో ఎన్ని భాగాల్లో నొప్పి ఉంది, నిద్ర లేచాక బడలిక ఎంత, మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోందా, గ్యాస్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నారా, ఇదంతా మూడు నెలలకు పైగా ఉందా అని చూస్తాం. ప్రపంచవ్యాప్తంగా వందలో ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా. మహిళల్లో ఎక్కువ. 2005-06లో మన దగ్గర చికున్‌గున్యా ఇంటింటినీ చుట్టేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి జ్వరాల తర్వాత, ప్రమాదాలు, ప్రసవాలు, తీవ్రమైన మానసిక ఆఘాతాల తర్వాత ఈ నొప్పులు మొదలైనవారు నా ఓపీలో కొందరు ఉన్నారు.

ఒక మాట చెప్పాలి. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని ప్రకటించాక "నాకూ అదేనేమో" అంటూ చాలామంది వచ్చారు. మయోసైటిస్ వేరు. అందులో కండరమే వాచి దెబ్బతింటుంది, బలం పోతుంది. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు, తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవదు. సీకే అనే రక్తపరీక్షలో సాధారణంగా తేడా కనిపిస్తుంది. ఫైబ్రోమయాల్జియాలో బలం ఉంటుంది, నొప్పి ఆ బలాన్ని వాడనివ్వదు. 2017లో పాప్ గాయని లేడీ గాగా యూరప్ కచేరీలను వాయిదా వేసుకున్నప్పుడు తనకున్నట్టు చెప్పింది ఈ ఫైబ్రోమయాల్జియానే.

కీళ్లు వాచినా, పొద్దున పట్టేసిన వేళ్లు గంట దాటినా వదలకపోయినా, బరువు తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా, కాళ్లలో తిమ్మిరితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, యాభై దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పులు వచ్చినా దాన్ని ఫైబ్రోమయాల్జియా ఖాతాలో రాసేయొద్దు. వెంటనే వేరే కారణం వెతకాలి. థైరాయిడ్, విటమిన్ డి, షుగర్, కొలెస్ట్రాల్ కోసం వాడే స్టాటిన్ మాత్రలు.. వీటినీ ఒకసారి చూసుకోవాలి. ఒకసారి చాలు. అవే పరీక్షలు ఆర్నెల్లకోసారి చేయించుకోవడం వల్ల ల్యాబులకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

కొత్త మందు కంటే ముందు, పాత మందు ఆపడం

ఆమె రెండో ఫైలు తెరిస్తే అసలు ప్రమాదం కనిపించింది. రెండేళ్లుగా రోజుకు రెండు డైక్లోఫెనాక్ మాత్రలు. చీటీ రాసింది ఐదు రోజులకే. తర్వాత మెడికల్ షాపులో ఖాళీ షీటు చూపించి తెచ్చుకుంటూ వచ్చారు. మధ్యమధ్యలో నొప్పి ఇంజెక్షన్లు, కడుపులో మంటకు మరో మాత్ర. నేను క్రియాటినిన్ చేయిస్తే 1.4 వచ్చింది. ఆ వయసు మహిళకు అది ఎక్కువే. మూత్రపిండాలు నెమ్మదిగా అలసిపోతున్నాయన్నమాట.

బాధ ఏమిటంటే, ఆ మాత్రలు ఆమె నొప్పికి పనిచేసేవే కావు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాపును తగ్గించి నొప్పిని తగ్గిస్తాయి. ఫైబ్రోమయాల్జియాలో తగ్గించడానికి వాపే లేదు. స్టెరాయిడ్లూ అంతే. వేసుకున్న నాలుగు రోజులు హుషారుగా అనిపించొచ్చు, ఆ తర్వాత షుగరు, బరువు, ఎముకల మీద భారం పడుతుంది. ట్రామడాల్ కొందరికి కొంత ఉపయోగపడుతుంది కానీ అలవాటుపడే మందు. 2018 నుంచి మత్తుమందుల చట్టం పరిధిలో ఉంది. అంతకంటే బలమైన మార్ఫిన్ కోవ మందులకు ఇక్కడ చోటే లేదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఒళ్లు నొప్పుల మాత్ర నెలల తరబడి నడుస్తుంటే, ఈ ఆదివారమే ఆ షీటు తిప్పి పేరు చదవండి. ఒక్క క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

మరి వేసుకోవాల్సింది ఏది?

సౌండు బటన్ మీద పనిచేసే మందులు ప్రధానంగా మూడు. ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్. అమెరికాలో ఫైబ్రోమయాల్జియాకు ప్రీగాబలిన్‌కు 2007లో, డ్యులోక్సెటిన్‌కు 2008లో, మిల్నాసిప్రాన్ అనే మరో మందుకు 2009లో అనుమతి ఇచ్చారు. ఎమిట్రిప్టిలిన్ వీటన్నిటికంటే పాతది, చవక, మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. దీనికి ప్రత్యేకంగా ఫైబ్రోమయాల్జియా పేరుతో అనుమతి లేకపోయినా వైద్యులు దశాబ్దాలుగా వాడుతున్నారు.

ఇందులో 'అందరికీ మంచి మందు' అంటూ లేదు. ఏ బాధ ముందు వరుసలో ఉందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. నిద్రే పెద్ద సమస్య అయితే రాత్రిపూట తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్. నొప్పితో పాటు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డ్యులోక్సెటిన్. నొప్పి, నిద్రలేమితో పాటు ఆందోళన, మంటలు ఎక్కువుంటే ప్రీగాబలిన్. ఇక ఎవరికి ఏది పడదో కూడా చూడాలి. నీటికాసులు, గుండె లయలో తేడా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి ఎమిట్రిప్టిలిన్ ఇబ్బంది. బీపీ అదుపులో లేనివారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి డ్యులోక్సెటిన్ కుదరదు. ట్రామడాల్‌తో కలిపి వేసుకుంటే అది ప్రమాదం కూడా. ప్రీగాబలిన్‌తో కాళ్ల వాపు, బరువు పెరగడం, తల తిరగడం ఉంటాయి, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఏ మందైనా మొదలుపెట్టే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. క్రియాటినిన్ ఫలితం రాకముందే, మొదటి రోజే, ఆమెకు ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి రాశాను. ఓపీలో జనం ఎక్కువ, ఆమె బాధ ఎక్కువ, త్వరగా ఉపశమనం ఇవ్వాలన్న తొందర నాది. మూడో రోజు క్లాసులో బోర్డు మీద రాస్తూ తూలిపడ్డారు. పిల్లలు పట్టుకున్నారు. భర్త ఫోన్ చేసి కోపంగా మాట్లాడలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. రాత్రిపూట 25తోనో, మహా అయితే 50తోనో మొదలుపెట్టి, వారం చూసి పెంచాల్సిన మందు అది. ఉదయం మోతాదు మొదటి రోజుల్లో అసలు అక్కర్లేదు. బండి నడిపేవారికి, బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లేవారికి మరీను.

ఆ మందు ఆపి, డైక్లోఫెనాక్ మాన్పించి, గుండె ఈసీజీ చూసి, ఎమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. పడుకునేటప్పుడు కాదు, రాత్రి ఎనిమిదింటికే వేసుకోమన్నాను. ఆలస్యంగా వేసుకుంటే మర్నాడు తొమ్మిది దాకా మత్తు వదలదు. వారానికి ఫోన్ చేసి, "నోరు ఎండిపోతున్నది, విరేచనం సాఫీగా అయితలేదు. కానీ మేడమ్, నిన్న తెల్లారేదాకా నిద్రపోయిన" అన్నారు. నాలుగేళ్లలో మొదటిసారట.

అంతలో మరో అడ్డంకి. ఇంటర్మీడియెట్ చదువుతున్న కొడుకు మందు పేరు గూగుల్‌లో చూసి "ఇది డిప్రెషన్ మందు మమ్మీ" అన్నాడు. ఇంట్లో కలకలం. మాత్ర ఆగింది. ఇలా ఆగినవి నేను లెక్కలేనన్ని చూశాను. ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ డిప్రెషన్‌కు కూడా వాడే మాట నిజమే. కానీ వెన్నుపాములో నొప్పి కబురును తగ్గించే రసాయనాలను ఇవి పెంచుతాయి. దిగులు ఉన్నా లేకపోయినా నొప్పి మీద పనిచేస్తాయి. ఎమిట్రిప్టిలిన్ అయితే డిప్రెషన్‌కు ఇచ్చే దాంట్లో చిన్న వంతు మోతాదే ఇక్కడ వాడతాం. "నీకు పిచ్చి కాబట్టి ఈ మందు ఇచ్చారు" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ పేరా చదివి వినిపించండి.

మందు కుదిరిందా లేదా ఎలా తెలుస్తుంది? నేను రోగులకు చెప్పే పద్ధతి ఇది. ఒకసారికి ఒకే మందు. తక్కువతో మొదలు. కడుపులో తిప్పడం, మత్తు లాంటివి సాధారణంగా మొదటి పది రోజుల్లో తగ్గుతాయి కాబట్టి అప్పుడే భయపడి వదిలేయకూడదు. సరైన మోతాదుకు చేరాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి తీర్పు చెప్పాలి. నొప్పి పదిలో ఎనిమిది నుంచి ఐదున్నరకు దిగితే, అంటే మూడో వంతు తగ్గితే, ఆ మందు మీకు పనిచేసినట్టే. అంతకంటే తగ్గలేదా? పెంచుకుంటూ పోవడం కాదు, మెల్లగా తగ్గించి ఆపేసి ఇంకోటి చూడాలి. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. ప్రీగాబలిన్ పరిశోధనలు చూస్తే, డమ్మీ మాత్రతో పోలిస్తే అదనంగా పదిమందిలో ఒకరికే నొప్పి సగానికి తగ్గింది. మందు మీకు పడకపోతే అది మీ తప్పు కాదు. పనిచేయని మందును మూడేళ్లు మోయడం మాత్రం మా తప్పు.

షాపుల్లో ప్రీగాబలిన్, నార్ట్రిప్టిలిన్, మిథైల్‌కోబాలమిన్ అన్నీ కలిపిన మాత్రలు దొరుకుతాయి. మొదట్లోనే అలాంటివి వద్దంటాను. ఏది పనిచేసిందో, ఏది తల తిప్పిందో తేల్చుకోలేం, ఒకదాన్ని పెంచితే అన్నీ పెరుగుతాయి. ఇక ఏ మందైనా ఒక్కరోజులో ఆపొద్దు. ముఖ్యంగా డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్ హఠాత్తుగా మానేస్తే చెమటలు, చిరాకు, నిద్రలేమి, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం లాంటివి వస్తాయి.

గోడ మీది క్యాలెండరు, ఐదు నిమిషాల నడక

యూరప్ కీళ్లవాత నిపుణుల సంఘం యూలార్ 2016లో ఈ జబ్బు చికిత్సలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. గట్టిగా సిఫారసు చేసింది ఒక్కదాన్నే. అది మందు కాదు, వ్యాయామం. ఈ మాట చెబితే రోగులకు కోపం వస్తుంది. వాళ్ల కోపం న్యాయమే. ఒళ్లంతా నొప్పి అంటుంటే నడవమంటారేమిటి?

కిటుకు మోతాదులో ఉంది. మందును 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినట్టే నడకనూ చిన్న మోతాదుతో మొదలుపెట్టాలి. ఆమెకు చెప్పింది పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. ఇంటి ముందు గల్లీలోనే, హైవే వైపు వెళ్లొద్దన్నాను. నాలుగైదు రోజులకు ఒక్క నిమిషం పెంచుకోవాలి. నడిచాక నొప్పి కొంచెం పెరిగి మర్నాటికి మామూలైతే ఫర్వాలేదు. రెండు రోజులు లేవలేకపోతే ఆ మోతాదు ఎక్కువైందని అర్థం, వెనక్కి రావాలి. ఆపేయకూడదు. అలా మూడు నెలలకు ఇరవై, పాతిక నిమిషాలకు చేరారు. నడక విసుగనిపించేవారు యోగా చేయొచ్చు. చైనావారి తాయ్ చీ మీద 2018లో 226 మందితో చేసిన పరిశోధనలో అది ఏరోబిక్ వ్యాయామంతో సమానంగా, కొన్ని విషయాల్లో అంతకంటే మెరుగ్గా పనిచేసింది. మెల్లగా, ఊపిరితో కలిపి కదిలే ఏ పద్ధతైనా మంచిదే అన్నది దాన్నుంచి నేను తీసుకున్న అర్థం.

దీని కంటే కష్టమైంది ఇంకోటి ఉంది, మంచి రోజున ఆగడం. నొప్పి తక్కువున్న ఆదివారం వచ్చిందంటే ఇల్లంతా దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, పచ్చడి కూడా పెట్టేస్తారు. సోమవారం నుంచి బుధవారం దాకా మంచం మీదే. ఇది మన ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటు, నాతో సహా. అందుకే ఏ పనైనా ఇరవై నిమిషాలు చేసి, పది నిమిషాలు కూర్చోవాలి. మంచి రోజైనా అంతే, చెడ్డ రోజైనా అంతే. గడియారం చూసి ఆగాలి, నొప్పి వచ్చాక కాదు. మా జిల్లాలో బీడీలు చుట్టే మహిళలకు ఈ లెక్క చెప్పడం సులువు. చాట ఒళ్లో పెట్టుకుని మెడ వంచి గంటల తరబడి కూర్చునే వాళ్లు, ఇన్ని కట్టలకోసారి లేచి నాలుగడుగులు వేయాలని నిర్ణయించుకుంటే సరిపోతుంది. వారి మెడనొప్పి చాలాసార్లు కూర్చునే తీరు వల్ల వచ్చిందే, అయితే ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే ఒకచోటి నొప్పి ఒళ్లంతా పాకడమూ చూశాను.

ఇదంతా గుర్తుపెట్టుకోవడానికి యాప్‌లు అక్కర్లేదు. గోడ మీది క్యాలెండరులో ప్రతి గడిలో మూడు అంకెలు రాయండి. నిద్ర ఎన్ని గంటలు, నడక ఎన్ని నిమిషాలు, నొప్పి పదికి ఎంత. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చించి తీసుకెళ్లండి. నాకు లావుపాటి ఫైలు కంటే అది ఎక్కువ చెబుతుంది. నిద్ర విషయంలో రోజూ ఒకే వేళకు లేవడం, మధ్యాహ్నం కునుకు అరగంట దాటకపోవడం, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానడం.. ఇవి అందరికీ తెలిసినవే, చేసేవాళ్లే తక్కువ. వేన్నీళ్ల స్నానం హాయినిస్తుంది, చేయండి.

పసుపు ఊళ్లో పసుపు గురించి

ఈ ప్రాంతంలో ఉండి పసుపు గురించి చెప్పకపోతే ఊరుకోరు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇంటికి కొమ్ములు రాని బంధువు ఉండడు. "మన పసుపు కంటే మందేముంది మేడమ్?" అని ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. పసుపులో కుర్కుమిన్ ఉండేది సుమారు మూడు శాతం. అందులోనూ మన ఒంట్లోకి ఇంకేది చాలా తక్కువ. అది వాపును కొంత తగ్గించే గుణమున్న పదార్థం. మళ్లీ అదే మాట, ఫైబ్రోమయాల్జియాలో వాపు లేదు. కూరలో, పాలలో వేసుకోండి, అభ్యంతరం లేదు, పాలు తాగి పడుకుంటే నిద్ర పడితే ఇంకా మంచిది. కానీ మిరియాల సారం కలిపి ఎక్కువ మోతాదులో అమ్మే కుర్కుమిన్ మాత్రలు వేరు సంగతి. వాటితో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు విదేశాల్లో నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

మొదటి రోజు ఆమె భర్త అన్న "మాకేం సమజైతలేదు" అన్న మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయనకు ఎవరూ సమజయ్యేటట్టు చెప్పలేదు. రెండోసారి వచ్చినప్పుడు పావుగంట ఆయనతోనే మాట్లాడాను. రాత్రంతా పడుకుని ఉండటం వేరు, నిద్రపోవడం వేరని చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సాయంత్రం నడకకు ఆయనే తోడు వెళ్లడం మొదలుపెట్టారు. "ఇంకా నొప్పేనా?" అని గంటగంటకూ అడగొద్దు, అడిగిన ప్రతిసారీ మనసు నొప్పి మీదికే పోతుంది. బిందె మీరు ఎత్తిపెట్టండి, కానీ అన్ని పనులూ లాక్కుని మనిషిని మంచానికి అప్పగించొద్దు. నాలుగు నెలలైనా నొప్పి తగ్గకపోయినా, దిగులు మరీ ఎక్కువైనా, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఒక్కసారి వినిపించినా ఆగొద్దు, కీళ్లవాత నిపుణులకో మానసిక వైద్యులకో చూపించాలి. చావు మాట వచ్చినప్పుడైతే ఆ రోజే. రాత్రివేళ అయితే 14416 నంబరులో టెలి మానస్ ఉంది, తెలుగులో మాట్లాడతారు.

ఎనిమిదో నెలలో ఆమె మళ్లీ వచ్చారు. క్రియాటినిన్ 1.1. ఎమిట్రిప్టిలిన్ 20 మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. విరేచనం కోసం ఇసబ్‌గోల్ వాడుతున్నారు. నొప్పి ఐదు దగ్గర ఉంది, పరీక్ష పేపర్లు దిద్దే వారంలో ఏడుకు పోయింది, మళ్లీ దిగింది. లావుపాటి ఫైలు తేలేదు, క్యాలెండరు కాగితాలే తెచ్చారు. "ఇంక మాత్ర బంద్ చేయొచ్చా మేడమ్?" అని అడిగారు. ఇంకో నాలుగు నెలలు ఇలాగే నిలకడగా ఉంటే, వేసవి సెలవుల్లో 20 నుంచి 10కి దింపి నెల చూద్దామన్నాను. బడి నడిచే రోజుల్లో వద్దు. ఆమె ఆ మాట మే నెల కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్నారు.